వెల్వెట్ కాలర్‌లో వైరు

మా బావ దర్జీ. నేను ఆయన దుకాణంలో కాజాలు కుడతాను, గుండీలు పెడతాను. ఆయన భార్య మా అక్క. వాళ్ళకి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదని పిట్ట అన్నాం. ఇరవై నాలుగేళ్ళొచ్చినా పిట్టే. ముందు గది దుకాణం, వెనక గదులు కాపురం, మధ్యలో ఒక కర్టెన్.

ఆ వారం ఇంటిల్లిపాది ప్రాణం ఒక పరీక్ష మీద ఉంది. డాక్టర్లు రోగుల గురించి నోటితో చెప్పి రికార్డు చేస్తారట. అది విని పొల్లుపోకుండా టైపు చేసే ఉద్యోగం. ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చు. పిట్ట రెండుసార్లు పరీక్షకి కూర్చుంది, రెండుసార్లూ పోయింది. మూడోదే ఆఖరు. అది కూడా పోతే ఆ కంపెనీ ఇక మొహం చూడదు. నూటికి తొంభై ఎనిమిది రావాలి. గురువారం పదింటికి మొదలు, పదకొండింటికి సరి.

పిట్టకి చెవి ఉంది, చెయ్యి ఉంది. అడ్డం పడుతున్నది కంపెనీవాళ్ళు పంపిన పెట్టె. అందులో రెండు వస్తువులు. ఒకటి పెడల్. కాలితో తొక్కితే మాట నడుస్తుంది, ఎత్తితే ఆగుతుంది. దాంతో పేచీ లేదు, మిషన్ తొక్కే ఇంట్లో పుట్టిన పిల్ల. రెండోది చెవి లోపలికంటా దూర్చుకునే ఇయర్‌ఫోన్లు. వైరున్నవి. అవే వాడాలని షరతు. వాటికి రెండు రోగాలు.

మంగళవారం పొద్దున్న బావ కత్తెర పక్కన పెట్టి, "ఏదీ, ఇలా తే" అని ఒకటి చెవిలో పెట్టుకున్నాడు. పిట్ట పెడల్ తొక్కింది. బావ స్టూలు మీంచి అడుగెత్తు ఎగిరాడు.

"ఓర్నాయనో! ఆ డాక్టరు నా బుర్రలో కాపురం పెట్టాడే!"

"అదే నాన్నా, అన్నిటికంటే తక్కువ సౌండు. దానికింద మెట్టు నొక్కితే అసలు వినపడదు."

"రోగి చెవిటివాడేమో."

"నాన్నా, జోకులు తర్వాత. ఇప్పుడు టైపు చేస్తున్నట్టు చేతులు కదుపు."

బావ కదిపాడు. వైరు చొక్కాకి రాసుకుంది. ఆయన మొహం మారిపోయింది.

"ఏరా బామ్మర్దీ, లోపల ఎవరో చాప ఈడుస్తున్నార్రా."

నేనూ పెట్టుకుని చూశాను. నిజంగానే చాప. మెడ తిప్పితే బరబర. గెడ్డం తగిలితే దబ్బుమని పిడుగు. డాక్టరు రోగికి ఏ మందు రాశాడో, ఎంత రాశాడో ఆ చప్పుడులో కలిసిపోతోంది. చెవి బిగుతుగా మూసుకుపోవడంతో వైరు మీద జరిగేదంతా సూటిగా లోపలికే వస్తోంది.

"పోయినసారి ఐదు మాటలు ఈ గోలలోనే పోయాయి" అంది పిట్ట. నవ్వుతూనే అంది కానీ గొంతు నవ్వలేదు. "అమ్మ అయితే ఇదీ పోతే పెళ్ళి చేసి అత్తారింటికి పంపించేద్దాం అంటోంది."

"నేనెప్పుడన్నానే?" అని కర్టెన్ వెనకనుంచి అక్క.

"మొన్న. పప్పు మాడినప్పుడు."

"పప్పు మాడినప్పుడు ఎన్నో అంటాం. అవన్నీ టైపు చేసి పెట్టుకుంటావా?"

సౌండు సంగతి నా నెత్తిన పడింది. సందు చివర ఫోన్లు బాగుచేసే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. చెప్పింది విని ఆవిడ, "మీకు మొదటి మెట్టే మేడ ఎత్తున ఉంది. మధ్యలో చిన్న మెట్టొకటి కట్టుకోవాలి" అని సొరుగులోంచి జానెడు వైరు ముక్క తీసింది. దాని మధ్యలో పప్పుగింజంత చక్రం. ఒక చివర కంప్యూటర్‌కి, రెండో చివర ఇయర్‌ఫోన్లకి. చక్రం తిప్పితే మాట పెరుగుతుంది, తగ్గుతుంది. పనిలో పనిగా ఒక సలహా కూడా పారేసింది. వైరు చెవి మీంచి వెనక్కి తిప్పి వేసుకుంటే సగం గోల పోతుందట.

పిట్ట చక్రం తిప్పింది. ఎనిమిదో వంతు తిప్పగానే దాని భుజాలు దిగాయి. "మామయ్యా, ఇప్పుడు మనిషిలా మాట్లాడుతున్నాడు" అంది. ఆ ఒక్క మాటకి నాకు మూడు రోజుల తిండి తిన్నంత అయింది.

వైరు చెవి మీంచి వేస్తే నిజంగానే సగం పోయింది. మిగిలిన సగం మెడ దగ్గర. బావ దాన్ని పట్టుకున్నాడు. ఆయనకి తెలిసిందల్లా గుడ్డ.

"వైరు దోషం కాదే. గుడ్డ దోషం. ఏ గుడ్డకి రాసుకుంటే ఎంత చప్పుడు వస్తుందో చూడాలి."

బుధవారం కత్తిరింపులు ఆగిపోయాయి. బావ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కొలతల బల్ల ముందు కూర్చున్నాడు. నేనూ అక్కా ఒక్కో ముక్క తెచ్చి వైరు మీద రుద్దాం. ఆయన తీర్పులు చెప్పాడు. చెవులు మూసుకున్నాయి కాబట్టి అరుస్తూ చెప్పాడు, వీధంతా వింది.

"టెరికాటన్! రంపం! తీసేయ్!"

"నూలు! గొణుగుతోంది!"

"ఇదేంటి, జల్లెడ పడుతున్నట్టుంది?"

"మీ లుంగీయే" అంది అక్క. ఆయనకి వినపడలేదు.

పట్టు ఈల వేసిందట. లైనింగు గుడ్డ వేరుశనగకాయలు వొలిచిందట. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు, కళ్ళు మూసుకుని "రంపం" అని అరుస్తున్న దర్జీని చూసి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. చివరికి నేను కుట్టి పెట్టిన ఒక కోటు తెచ్చి, దాని వెల్వెట్ అంచు రుద్దాను. బావ ఏమీ అనలేదు. మళ్ళీ రుద్దాను. కళ్ళు తెరిచాడు.

"రుద్దవేం?"

"రుద్దుతూనే ఉన్నాను బావా."

ఆయన లేచి నన్ను వాటేసుకున్నాడు. పాతికేళ్ళలో అదే మొదటిసారి.

అయితే దుకాణంలో వెల్వెట్ ఒకే ఒక్క చోట ఉంది. ఆ కోటు కాలర్ మీద. మిగులు ముక్కల్ని అక్క గుండీలకి తొడిగేసింది. ఆ కోటు మ్యాజిక్ చేసే ఆయనది. అందరూ ఆయన్ని టోపీ మాస్టారు అంటారు. పదకొండు రహస్యపు జేబులు పెట్టించుకున్నాడు. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి పట్టుకెళ్తానన్నాడు.

"పదకొండింటికల్లా పరీక్ష అయిపోతుంది. పన్నెండింటికి కోటు ఆయన చేతిలో ఉంటుంది" అన్నాడు బావ.

గురువారం పొద్దున్న పిట్ట ఆ కోటు తొడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. దాని భుజాలు ఎక్కడో, కోటు భుజాలు ఎక్కడో. బావ వెనక నిలబడి కాలర్ మడత విప్పి, లోపల వైరు పెట్టి, కుట్టడం మొదలుపెట్టాడు. నాలుగు కచ్చా కుట్లు వేస్తే చాలు, లాగితే వచ్చేస్తాయి. కానీ మా బావకి కచ్చాగా కుట్టడం చేతకాదు. చెయ్యి మెడ దగ్గరికి వెళ్తే దానంతటది పక్కా కుట్టే వేస్తుంది. నలభై ఒక్క కుట్టు వేశాడు. సన్నటి దారం, రెండు పేటలు. వేసి, పళ్ళతో తెంపి, "అమ్మడూ, ఇక మెడ తిప్పు" అన్నాడు.

తిప్పింది. గిర్రున తిప్పింది. చప్పుడు లేదు.

పది కొట్టింది. పరీక్షకి ఇంకో నిబంధన ఉంది. కంప్యూటర్ మీద కెమెరా చూస్తుంటుంది. రాసేవాళ్ళు కుర్చీలోంచి లేచినా, పక్కన ఇంకో మొహం కనపడినా పరీక్ష రద్దు. మేం ముగ్గురం కర్టెన్ ఇవతలకి వచ్చి సందులోంచి చూస్తున్నాం. లోపల కీబోర్డు చినుకుల్లా మొదలై వానైంది. పెడల్ మీద పిట్ట పాదం ఎత్తుతోంది, దించుతోంది. బావ ఆ పాదాన్నే చూస్తున్నాడు. "చూడరా, కాలు ఎంత సాఫుగా పోతోందో" అని నా చెవిలో అన్నాడు.

పదిన్నరకి వీధి తలుపు దభాలున తెరుచుకుంది. టోపీ మాస్టారు.

"మేస్త్రీ! కోటు! పిల్లల స్కూల్లో నా ఆట ముందుకి జరిపారు. పదకొండున్నరకే. నాలుగొందల మంది పిల్లలు. కోటేదీ?"

బావ కర్టెన్ కొంచెం తప్పించి చూపించాడు.

మాస్టారు చూశాడు. తన కోటు టైపు చేస్తోంది.

"అదెవరయ్యా నా కోట్లో?"

"మా పిట్ట."

"పిట్టని తీసి కోటివ్వు."

"తియ్యకూడదు సార్. లేస్తే పరీక్ష పోతుంది. కాలర్లో వైరు కుట్టాను."

"నా కాలర్లోనా? ఎన్ని కుట్లు?"

"నలభై ఒకటి."

మాస్టారు గోడకి జారగిలబడ్డాడు. లెక్క మా అందరికీ తెలుసు. పదకొండింటిదాకా ఆగి అప్పుడు కుట్లు విప్పి, కాలర్ మళ్ళీ మూసి, ఇస్త్రీ చేసి ఇస్తే ఆయన స్కూలు చేరేసరికి పిల్లలు ఇళ్ళకి పోయి ఉంటారు. ఇప్పుడే విప్పితే కత్తెర తగిలిన ప్రతి కుట్టూ పిట్ట చెవిలో టప్పుమంటుంది.

బావ ఇంకా ఆ పాదాన్నే చూస్తున్నాడు. పాదం దిగింది. లేచింది. దిగింది.

"ఎత్తినప్పుడు వినడం లేదుగా" అన్నాడు మెల్లగా. "డాక్టరు ఆగి ఉంటాడు. అప్పుడు టప్పుమన్నా ఏం పోదు."

దారాలు తెంపే చిన్న కత్తెర పళ్ళ మధ్య కరుచుకుని, యాభై ఆరేళ్ళ మనిషి, నేల మీద పాక్కుంటూ లోపలికి వెళ్ళాడు. కుర్చీ వెనక మోకాళ్ళ మీద లేచి, పిట్ట జడ చాటున తల దాచుకుని, కోటు అంచు రెండుసార్లు మెల్లగా లాగాడు. అది వాళ్ళింటి పాత సైగ. మిషన్ మీద కూర్చున్న మనిషిని పలకరించాలంటే అలాగే లాగుతారు, చెయ్యి బెదరకుండా. పిట్ట వెనక్కి చూడలేదు. కొంచెం ముందుకి వంగింది.

పాదం లేచింది. టప్. పాదం దిగింది. బావ ఆగాడు. పాదం లేచింది. టప్, టప్. నేను కర్టెన్ చాటునుంచి వేళ్ళు మడుస్తున్నాను. పన్నెండు. ఇరవై. అక్క నా మోచెయ్యి గిల్లేస్తోంది, దేనికో తనకే తెలీదు. ముప్ఫై నాలుగో కుట్టు దగ్గర డాక్టరు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు కాబోలు, పాదం దిగింది దిగినట్టే ఉండిపోయింది. బావ కత్తెర గాల్లో. చెమట ముక్కు మీదికి జారింది. ముక్కు ముడిచాడు. తుమ్మొస్తోందని మా ముగ్గురికీ అర్థమైంది. అక్క పమిట నోట్లో కుక్కుకుంది. బావ తుమ్మలేదు. ఎలా మింగాడో ఆయన్నే అడగాలి.

నలభై ఒకటి. వైరు బయటికి వచ్చింది.

కోటు తీయడం మాస్టారి వంతు. ఆయనా పాక్కుంటూ వెళ్ళాడు. "అమ్మాయి పాదం ఎత్తినప్పుడు చెప్పు" అని సైగ చేశాడు. బావ వేలెత్తాడు. కోటు ఉన్నట్టే ఉండి లేకుండా పోయింది. పిట్ట ఒకే ఒక్కసారి భుజాలు కదిపింది, అంతే. ఆయన వృత్తి అదే మరి.

అయితే ఇప్పుడు వైరు దాని చొక్కా మీద పడుతుంది. టెరికాటన్. రంపం. ఎవరో ఒకరు ఆ వైరుని గాల్లో పట్టుకోవాలి, కదలకుండా, పన్నెండు నిమిషాలు. బావ పట్టుకున్నాడు. అప్పటిదాకా నిలిచిన చెయ్యి పని అయిపోగానే వణకడం మొదలుపెట్టింది. పిట్ట కనుబొమ్మలు ముడుచుకున్నాయి.

మాస్టారు బావ చేతిలోంచి వైరు తీసుకున్నాడు. రెండు వేళ్ళ కొసలతో. ఆ వేళ్ళు మేకుల్లా నిలబడ్డాయి. కోటు ఆయన అప్పటికే తొడిగేసుకున్నాడు. కుర్చీ చాటున తల దాచుకుని, ఒంటి మోకాలి మీద ఒక చెయ్యి పైకెత్తి ఆయన, ఆయన వెనక నేల మీద బాసింపట్టు వేసుకుని కాలర్ కుడుతూ అక్క, అక్క సూదిలోకి దారం ఎక్కించి అందిస్తూ నేను. బావ ఒక మూల పడుకుని కప్పు చూస్తున్నాడు.

"వదినగారూ, సూది నా మెడలో దించకండి" అన్నాడు మాస్టారు పెదవులు కదపకుండా.

"మీరు కదలకపోతే దిగదు."

"నేను కదిలితే మీ అమ్మాయి పోతుంది."

"అందుకే కదలకండి అంటున్నా."

పదకొండు. కీబోర్డు ఆగింది. కెమెరా దీపం ఆరింది. తెర మీద చిన్న గుండ్రటి గుర్తు తిరుగుతూ తిరుగుతూ ఉండిపోయింది. అంతసేపు ఏదీ తిరగడం నేను చూడలేదు.

తొంభై ఎనిమిదిన్నర.

పిట్ట చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకి, "నాన్నా! చెయ్యి ఎంత నిలకడగా పట్టావు నాన్నా!" అని వెనక్కి తిరిగింది. ముక్కూ మొహం తెలియని మనిషి మోకాలి మీద కూర్చుని వైరు పట్టుకుని నవ్వుతున్నాడు. కెవ్వుమంది. ఆయనా కెవ్వుమన్నాడు, అప్పుడే అక్క సూది దిగింది. బావ మూలనుంచి లేచి, ఎవరు గెలిచారో ఎవరు గుచ్చుకున్నారో అర్థం కాక, తనూ కెవ్వుమన్నాడు.

తర్వాత నవ్వు మొదలైంది. అది ఆపడం ఎవరివల్లా కాలేదు. పిట్ట టేబుల్ మీద తల పెట్టి నవ్వింది, అందులోనే ఏడ్చింది. మాస్టారు టోపీ పెట్టుకుని, "నాకు రాని ఆట ఇది. నాలుగొందల మందిలో ఒక్కడూ నమ్మడు" అంటూ స్కూటర్ ఎక్కాడు. కాలర్ చివర సూది వేలాడుతోంది. దారం ఇంకా మా అక్క చేతిలోనే ఉంది.

"సూదండీ! నా సూది!" అంటూ అక్క వీధిలో పరుగు. దారం ఉండ ఆవిడ చేతిలో గిరగిరా విడిపోతోంది. ఆవిడ వెనక బావ. బావ వెనక, చెప్పుల్లేకుండా, ఉద్యోగం వచ్చిన పిట్ట.