గడ్డి లేని మైదానం

మా అమ్మాయిని బయట ఎవరూ పేరు పెట్టి పిలవరు, గద్ద అంటారు. బయట అంటే వీధిలో కాదు. అది వీధి మొహం చూసి ఏళ్ళు గడిచాయి. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు దానిది. ముందు కాళ్ళు పోయాయి, తర్వాత నడుము, ఇప్పుడు మోచేతుల దాకా వచ్చింది. వేళ్ళు మాత్రం ఇంకా దాని మాట వింటున్నాయి. ఆ వేళ్ళతోనే లాప్‌టాప్‌లో యుద్ధం ఆట ఆడుతుంది. అందులో దానికో జట్టు ఉంది. గద్ద అని పేరు పెట్టింది ఆ జట్టువాళ్ళే.

నేను బట్టలు కుడతాను. కిటికీ దగ్గర నా మిషను, గోడవార దాని మంచం, మధ్యలో నా స్టూలు పట్టేంత జాగా. కాబట్టి ఆ ఆట నాకూ కంఠతా వచ్చేసింది. రెండు జట్లు ఒకరినొకరు వెతుక్కుని కాల్చుకోవాలి. పరిగెత్తడం, దూకడం మా అమ్మాయి వేళ్ళ వల్ల కాదు. అందుకని ఏ మేడ మీదో కదలకుండా కూర్చుని, శత్రువు ఎక్కడున్నాడో మైకులో మిగతావాళ్ళకు చెబుతుంది. "ఎర్రగోడ వెనకాల ఒకడున్నాడు కెప్టెన్, వంగి వంగి వస్తున్నాడు." వాళ్ళు వెళ్ళి కాలుస్తారు. "శభాష్ గద్దా!" అంటాడు కెప్టెన్. అప్పుడు దాని మొహం చూడాలి! డాక్టర్లు రాసిన ఏ మందూ ఆ వెలుగు తేలేదు.

దాని జబ్బు సంగతి జట్టులో ఎవరికీ తెలియదు. అందరూ ఈ ఊరివాళ్ళే. సెలవురోజు నెట్ సెంటర్‌లో కలిసి ఆడుకుంటూ దీన్నీ రమ్మంటారు. ఇది ప్రతిసారీ ఏదో వంక పెడుతుంది. చుట్టాలొచ్చారంటుంది, పరీక్షలంటుంది. ఒకసారైతే "మా అమ్మ రాక్షసి, గడప దాటనివ్వదు" అనేసింది. నేను గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని విన్నాను. పోనీలే, రాక్షసినే అయ్యాను.

అలా సాగిపోతుండగా ఆట మారింది. కంపెనీవాళ్ళు కొత్త హంగులు చేర్చారట. నీళ్ళలో నీడలు, గాలికి ఊగే చెట్లు, ఇంకా ఏవేవో. మా లాప్‌టాప్ చూస్తే, ఏదో ఆఫీసువాళ్ళు పారేస్తే నా తమ్ముడు బాగుచేసి ఇచ్చింది. బొమ్మలు గీయడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు దానికి. ఉన్న ఒక్క చిప్పే అన్ని పనులూ చూసుకోవాలి, ఇంట్లో నాలాగా. కొత్త ఆట తెరవగానే ఫ్యాను గోల పెట్టింది. బొమ్మ కాసేపు బిగుసుకుపోతుంది, కదిలితే ఒక్కసారిగా దూకుతుంది. మా అమ్మాయి "వెనకాల వస్తున్నాడు" అనేలోపు అక్కడ కెప్టెన్ చచ్చి పడి ఉండేవాడు.

"నిద్రపోతున్నావా గద్దా? ఇలాగైతే వేరేవాళ్ళని తీసుకోవాల్సి వస్తుంది" అన్నాడతను. విసుగు తప్ప కోపం లేదు ఆ గొంతులో. ఆ పూట అది నా చేత ముద్ద పెట్టించుకోలేదు. కొత్తది కొంటానే అని చెప్పే స్తోమత నాకు లేదు. తమ్ముడికి ఫోన్ చేసి నాలుగు తిట్టాను.

వాడికి లాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టుంది. చెయ్యి మంచిది, నోరే పెద్దది. వస్తూనే "ఊరికే ఇచ్చినదానికి కూడా వారంటీ అడుగుతావేంటక్కా!" అంటూ అడుగు మూత విప్పాడు. లోపల ఫ్యాను నిండా నా గుడ్డల నూగే. "ఇది లాప్‌టాపా, దిండా?" అన్నాడు. మంచం మీద నుంచి వాడి మేనకోడలు పకపకా నవ్వింది.

నూగంతా ఊదాడు, చిప్ మీద వేడి లాగేసే కొత్త పేస్టు రాశాడు. జేబులోంచి మెమరీ ముక్క తీసి ఉన్నదాని పక్కన బిగించాడు. గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదట, దీంట్లోంచే పంచుకుంటుందట. కిందనుంచి గాలి ఆడాలంటే నా ఖాళీ దారపు రీళ్ళు నాలుగు మూలలా పెట్టాం. తర్వాత ఆటలో నీడలు తీసేశాడు, బొమ్మ సైజు తగ్గించాడు. ఎంత తగ్గించాడంటే మనుషుల మొహాలు పిండిముద్దల్లా అయిపోయాయి. అయినా కొత్తగా చేర్చిన పెద్ద మైదానంలోకి వెళ్ళేసరికి, అక్కడి బొమ్మ రాకముందే మళ్ళీ బిగుసుకుపోయేది. వాడికి పౌరుషం వచ్చింది. ఆట ఫైళ్ళ లోపలికెక్కడికో దూరి ఏదో దిద్దాడు.

"ఏం చేశావురా?"

"అనవసరమైన బరువు తీసేశానక్కా. వదులైన చొక్కాకి నువ్వు ఎక్కువైన గుడ్డ కత్తిరించెయ్యవూ, ఇదీ అంతే."

ఆడింది! మైదానం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడబడకుండా ఆడింది. మా ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చింది. వాడికి చొక్కా కుట్టిపెడతానన్నాను.

ఇక ఆ తర్వాత మా అమ్మాయికి పట్టపగ్గాల్లేవు. ఒకరోజు "ఏంటమ్మా వీళ్ళు? ఉత్త మట్టినేల మధ్యలో బోర్లా పడుకుంటున్నారు, బుద్ధుందా?" అంది. తొంగిచూశాను. నిజమే. పరక కూడా లేని గోధుమరంగు నేల, దాని మీద తుపాకులు పట్టుకుని పడుకున్న మనుషులు.

"ఎండ కాచుకుంటున్నారేమోలేవే" అన్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అంటే, నేను పట్టుకున్నాను, దాని తరఫున కూడా.

పడుకున్నవాడినల్లా అది పట్టిచ్చింది. జట్టు గెలిచింది, మళ్ళీ గెలిచింది. "అవి కళ్ళా, దుర్భిణులా!" అన్నాడు కెప్టెన్. ఊళ్ళో జట్లన్నిటి మధ్యా పోటీ పెడితే ఫైనల్ దాకా వెళ్ళారు.

ఫైనల్ మధ్యలో తెర నల్లబడింది. లాప్‌టాప్ పోయిందనుకుని నేను రీళ్ళు సర్దబోయాను. పోలేదు. ఒక వాక్యం వచ్చింది. అమ్మాయి చదివింది. ఆట ఫైళ్ళను మార్చినందుకు ఈ ఖాతాను శాశ్వతంగా మూసేశాం అని.

తమ్ముడు కొట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. వాడి మొహంలో నెత్తుటిచుక్క లేదు. "గడ్డి తీసేశానక్కా" అన్నాడు. "అక్కడంతా గడ్డి ఉంటుంది. ఒక్కో పరకా గీయాలంటే దీనివల్ల కావట్లేదు. గడ్డే కదా అనుకున్నా. అందులో దాక్కుంటారని నాకేం తెలుసు?"

ఏడవాలో కొట్టాలో తెలియలేదు. ఈలోపు లాప్‌టాప్‌లోనే కెప్టెన్ కాల్ వచ్చింది. అమ్మాయి కళ్ళతోనే ఎత్తమంది. ఎత్తాను. స్పీకర్‌లో ఆ గొంతు గదంతా నిండింది.

"మనిషి నడుమెత్తు గడ్డి గద్దా అక్కడ. అందులో ఉన్నవాళ్ళని ఎలా చూశావ్? మనం గెలిచినవన్నీ రద్దు చేశారు. మమ్మల్నందర్నీ దొంగలంటున్నారు."

"నా లాప్‌టాప్ పాతది కెప్టెన్. గడ్డి ఉందని నాకు తెలీదు. నిజంగా."

"పాతదైతే నెట్ సెంటర్‌కి రావాల్సింది. ఎన్నిసార్లు పిలిచాం? నిన్ను ఒక్కరం కూడా చూడలేదు. ఎందుకు రావో ఒక్క కారణం చెప్పు. నిజమైంది. చెప్తే నమ్ముతాను."

మంచివాడే పాపం, దారి చూపించాడు. నేను మైకు వైపు వంగాను. చెప్పేస్తే సరిపోయేది. ఆ ఒక్క మాటతో నా కూతురి మీద పడ్డ మచ్చ పోయేది. అంతలో దాని వేలు కదిలి మీట నొక్కింది. మైకు ఆగిపోయింది.

"చెప్పకమ్మా."

"దొంగంటున్నాడే నిన్ను!"

"అననీ. నువ్వు చెప్తే రేపు అందరూ వస్తారు. ఈ మంచం చుట్టూ నిలబడి పాపం అంటారు. ఆ తర్వాత నన్ను గద్ద అని ఎవడంటాడు? దొంగంటే పర్లేదు. దొంగతనం చేతనైనవాళ్ళు చేసే పనమ్మా."

మళ్ళీ మీట నొక్కింది. దాని గొంతు ఎప్పటిలాగే ఉంది.

"అవును కెప్టెన్, కావాలనే చేశాను. గెలవాలనిపించింది."

"ఛీ" అన్నాడు. కాల్ కట్టయింది. జట్టు మాట్లాడుకునే గ్రూపులోంచి కూడా దీన్ని తీసేశారు. నాకు అందరి మీదా కోపమొచ్చింది. తమ్ముడి మీద, ఆ కంపెనీ మీద, అంత పట్టుదల నేర్చిన నా కూతురి మీద. దానికి తల దువ్వుతూ ఏడ్చాను. అది మాత్రం ఏడవలేదు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి నన్ను అడగాలి కదా.

మర్నాడు తమ్ముడు ఎవరో కస్టమర్ ఇచ్చిన పెద్ద లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. "సాయంత్రం తిరిగిచ్చెయ్యాలి. ఒక్కసారి చూడవే" అని బతిమాలాడు. తన పేరుతో ఆట తెరిచి, ఎవరూ లేని సాధన మైదానంలోకి తీసుకెళ్ళాడు. అమ్మాయి చెయ్యి తీసి మీటల మీద పెట్టాడు.

గడ్డి. ఎటు చూసినా పచ్చగా, ఏపుగా, గాలి వీచినప్పుడల్లా మొత్తం ఒక పక్కకు వంగి లేస్తోంది.

"ఇంత ఉందా మామయ్యా?" అంది. చాలాసేపు ఏమీ నొక్కలేదు. తర్వాత మెల్లగా అంది. "వాళ్ళు కనపడట్లేదనే అనుకున్నారమ్మా. నేనేమో నవ్వాను."

దాని వేళ్ళు కదిలాయి. తెర మీద దాని బొమ్మ ఒక్కో అడుగే వేసుకుంటూ మైదానం మధ్యకు వెళ్ళింది, బోర్లా పడుకుంది. గడ్డి దాని మీద మూసుకుంది.

"అక్కడెవరూ లేరే పిచ్చిదానా, ఎవరికి దాక్కుంటున్నావ్?" అన్నాడు తమ్ముడు.

అది నా వైపు కళ్ళు తిప్పింది. "నేను కనపడుతున్నానా అమ్మా?" అంది.

తెర దగ్గరకు మొహం పెట్టి వెతికాను. రోజంతా దాన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒళ్ళు తుడిచే నాకే దొరకలేదు.

"లేదే" అన్నాను.

"అయితే సాయంత్రం దాకా ఇలాగే ఉండనీ."