చలిలో ఘాట్ ఎక్కిన బొలేరో

కిరండూల్ ఊరి పైనున్న కొండలో కొత్త గని తవ్వుతామంటూ అధికారులు ఊరివాళ్ల మాట వినే సభ పెట్టారు. నడి చలికాలంలో, తెల్లారగానే, అదీ కొండ మీద. ఎవరూ రాకూడదనే ఈ ఏర్పాటని సారలమ్మకు తెలిసిపోయింది. కిరాయికి బొలేరో నడిపే మనిషి ఆమె. పట్టినంతమందిని ఎక్కించుకుని తాళం తిప్పింది.

"పోనియ్యి బిడ్డా, ఆలస్యమైతది," అన్నాడు పక్కన కూర్చున్న పెద్దయ్య ముసలయ్య.

"జర ఆగు పెద్దయ్యా. చలికి ఆయిల్ చిక్కబడ్డది. ఇంజన్లకు గాలి నెట్టే టర్బోకు అది అందకముందే గట్టిగ తొక్కితే టర్బో పోద్ది. మనం దారిలనే ఆగిపోవాల్నని గద వాళ్ల కోరిక."

ఇంజన్ చప్పుడు మెత్తబడ్డాక బండి నిదానంగా కదిలింది. ఘాట్ మొదలయ్యాక ఆ చలే మేలు చేసింది. ఎండాకాలంలో సగం బరువుకే రొప్పే బండి, చిక్కటి చల్లగాలి పీల్చుకుని ఇంతమందినీ ఊపుగా లాగింది. సారలమ్మకు ధైర్యం రెట్టింపైంది.

పైన గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"గాడీ వాపస్ తీస్కపో. పర్మిషన్ లేదు."

"బండికి లేదా, మాకు లేదా?"

అతను తడబడ్డాడు. "బండికే."

"అయితే బండి ఈడనే ఉంటది," అని గేటు ముందే ఆపి, అందరినీ దింపి లోపలికి నడిపించింది.

ఖాళీ కుర్చీల ముందు ఆఫీసరు సభ ముగించబోతున్నాడు. ముసలయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మా కొండ ఇయ్యం. ఇది రాస్కోండ్రి సారూ."

తర్వాత సారలమ్మ, ఆమె వెనక మిగతావాళ్లూ అదే మాట చెప్పారు. ఆ సభ మధ్యాహ్నం దాకా ముగియలేదు.