వాటీ సొట్ట

మా ఊళ్ళో ఏడు విస్కీ బట్టీలున్నాయి. ఏ బట్టీలో విస్కీ కాచే రాగి కాగు అరిగిపోయి కొత్తది చేయించినా, పాతదానికున్న సొట్టలన్నీ కొలత తప్పకుండా కొత్తదానికీ వేయిస్తారు. రుచంతా ఆ సొట్టల్లోనే ఉందని మావాళ్ళ నమ్మకం. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, మా తాతల కాలంలో కాగు పక్కన గట్టిగా తుమ్మడానికి కూడా జంకేవారు.

మా బట్టీ కాగుకి మెడ కింద అరచెయ్యంత సొట్ట ఉంది. పేరు వాటీ సొట్ట. వాటీ మా అన్నయ్య. నలభై తొమ్మిదేళ్ళు ఆ కాగు కాచాడు. సొట్ట పడ్డ ఏటి సరుకు పన్నెండేళ్ళ తర్వాత పీపాల్లోంచి తీస్తే, అంత మంచి విస్కీ పుట్టి బుద్ధెరిగి తాగలేదన్నారు అందరూ. అప్పటిదాకా తిట్టిన నోళ్ళే అన్నయ్యని నెత్తిన పెట్టుకున్నాయి.

ఆ సొట్ట వేసింది అన్నయ్య కాదు, నేను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. కాగుల గదిలో నేల కడిగే పని నాది. మేనేజరు లోగీ దొర ఒక పొద్దున నన్ను చూసి, ఆడదాని చెయ్యి తగిలితే కాగు చెడిపోతుంది, గోడవారనే ఉండి ఊడ్చుకో అన్నాడు. ఆయన గడప దాటేదాకా ఓపిక పట్టాను. తర్వాత గోడకి వేలాడే పానా అందుకుని ఒక్కటిచ్చాను. రాగి మెత్తన కదా, లోపలికి దిగిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ రోజుల్లో పనివాళ్ళకి రోజుకి మూడుసార్లు బట్టీవాళ్ళే గ్లాసు విస్కీ పోసేవారు. పొద్దుటి గ్లాసు మత్తులో తానే గుద్ది ఉంటాననీ, గుర్తులేదనీ అన్నయ్య దొర ముందు ఒప్పేసుకున్నాడు. పాపం, నిజంగానే అలా అనుకుంటున్నాడు కాబోలని నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఏడాదిపాటు అన్నయ్యకి గ్లాసు బంద్ చేశారు. మా ఊళ్ళో అంతకంటే జైలు నయం.

ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా ప్రతి ఆదివారం అన్నయ్యకి మా ఇంట్లోనే భోజనం పెడుతున్నాను. కైమా, బంగాళదుంపలు, ఎండుద్రాక్ష వేసి గుడ్డలో మూటకట్టి ఉడికించిన పుడింగు. నలభై ఎనిమిదేళ్ళలో ఒక్క వారం తప్పలేదు. నా పెళ్ళి మర్నాడు ఆదివారమైతే ఆ రోజూ వచ్చి తిని వెళ్ళాడు మహానుభావుడు.

పోయిన శనివారం అన్నయ్యకి బట్టీలో ఆఖరి రోజు. నేను కేకు పట్టుకుని వెళ్ళేసరికి కొత్త కాగు నిలబెట్టి ఉంది. కంచరి ఈవన్ చిన్న సొట్టలన్నీ దించేశాడు గానీ వాటీ సొట్ట దగ్గర ఆగిపోయాడు. రాగి రేకు ముక్కల మీద ఆరుసార్లు వేసి చూపించాడట. అన్నయ్య కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించి, లోతు ఇటు కాదు, అటు ఉండాలని ఆరుసార్లూ కాదన్నాడు. సోమవారం కాగు కింద మంట వెలిగించాలి. తప్పుడు సొట్టతో కాగుని వదిలి ఇంటికి పోతే, తను ఇన్నేళ్ళూ కాచిన విస్కీ ఇవాళ్టితో చచ్చిపోయినట్టేనని బెంచీ మీద కూలబడ్డాడు. అమ్మ పోయినప్పుడు తప్ప నేను అన్నయ్య కళ్ళల్లో నీళ్ళు చూడలేదు.

ఎందుకు కుదరడం లేదో నాకు తెలుసు. ఈవన్‌ది కుడిచేతివాటం, నాది ఎడమ. చెబితే ఆఖరి రోజున అన్నయ్య పేరు పోతుంది. చెప్పకపోతే అన్నయ్య విస్కీ పోతుంది. కేకు కిందపెట్టి గోడకున్న పానా తీశాను.

"పెద్దమ్మా, నువ్వు కాగు ముట్టుకోకు," అన్నాడు ఈవన్.

"ఆ మాట ఒకసారి విన్నానులే నాయనా, పక్కకి జరుగు."

ఎడమచేత్తో ఒక్కటే దెబ్బ వేశాను. ఈవన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అన్నయ్య లేచి వచ్చి కళ్ళు మూసుకుని చెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఇదే," అన్నాడు.

"అన్నయ్యా, అప్పుడు కొట్టిందీ నేనే."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఆ రోజు నుంచే. పన్నునొప్పితో ఆ పొద్దున నేను గ్లాసు ముట్టనేలేదే. మనింట్లో ఎడమచేతివాటం ఎవరిదో నాకు తెలీదా? నేనని చెబితే గ్లాసు పోతుంది. నువ్వని చెబితే నీ పని పోతుంది. ఇవాళ కూడా పొద్దుట్నించీ నిన్ను పిలుద్దామనే ఉంది. నువ్వు దాచుకున్నది నేనెలా బయటపెట్టను?"

"మరి ఇన్నేళ్ళూ నాకైనా చెప్పొచ్చుగా?"

"చెబితే ఆదివారం పుడింగు మానేస్తావేమోనని."

అన్నయ్య ఈవన్ చెవి మీది పెన్సిలు లాక్కుని, కాగు బొమ్మ గీసిన కాగితం మీద తన పేరు కొట్టేసి నా పేరు పెట్టి 'బెథియా సొట్ట' అని రాశాడు. ఎవరు అడిగినా ఇదే చెప్పమన్నాడు. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది.

మర్నాడు అన్నయ్య పదింటికే వచ్చి, బల్ల ముందు కూర్చున్నాడు. ప్రాయశ్చిత్తం అక్కర్లేని మొదటి ఆదివారం అది. పుడింగు మామూలుకంటే పెద్దది చేశాను.