గౌను లోపలి కుట్టు

రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లీషు ప్రభువుల మేడలో జరిగిన ఒక హత్య కథతో తీస్తున్న సినిమా అది. ఫిల్మ్ నగర్ స్టూడియోలో సెట్ వేశారు. హీరోయిన్ నవత పైఅంతస్తు నుంచి పడిపోయే సీను తీస్తుండగా ఆమెను పట్టి ఉంచాల్సిన తాడు ఊడింది. ఆమె నిజంగానే పడి చనిపోయింది. తాడు తగిలించే పట్టీని గౌను లోపల కుట్టింది యూసుఫ్‌గూడలో ఉంటూ స్టూడియోలో బట్టలు కుట్టే తబిత. కుట్టు సరిగా వేయలేదనీ, ఆ ప్రాణం ఆమె వల్లే పోయిందనీ నిర్మాత రఘునందన్ టీవీవాళ్లకు చెప్పేశాడు.

తబితకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, గౌను చూపిస్తే తప్ప కదలనని కూర్చుంది. ఎస్సై వెంకటనర్సయ్య విసుక్కుంటూనే తెప్పించాడు.

ఆమె పట్టీ తిరగేసి చూసి, దాన్ని ఎస్సై ముందుకు తోసింది.

"ఇది నా కుట్టు కాదండీ. నేను మిషన్ మీద నైలాన్ దారంతో మూడు వరసలు వేశాను. దాన్ని బ్లేడుతో కోసి, మామూలు తెల్లదారంతో చేత్తో కుట్టారు. కోసిన దారాలు ఇంకా గుడ్డలోనే ఉన్నాయి, చూడండి."

"మరి గౌను ఎవరి దగ్గరుండె?"

ఆమె తన ఫోన్ తీసి, రఘునందన్ గొంతుతో వచ్చిన వాయిస్ మెసేజ్ వినిపించింది. ఆ రాత్రి విందుకొచ్చేవాళ్లకు చూపించాలి, గౌను జూబ్లీహిల్స్‌లోని తన ఇంటికి పంపమని షూటింగ్ ముందురోజు పెట్టిన సందేశం అది. మర్నాడు గౌను నేరుగా సెట్‌కే వచ్చింది, తబితను ముట్టుకోనివ్వలేదు. రఘునందన్ వేధింపులు భరించలేక కేసు పెట్టబోతున్నానని నవత తనతో చెప్పిన మాట కూడా ఆమె ఎస్సైకి చెప్పింది.

ఆ సాయంత్రమే ఆయన ఆమెను వెంటబెట్టుకుని జూబ్లీహిల్స్ వెళ్లాడు. బంగళాలో సంతాపసభ జరుగుతోంది. నవత ఫొటోకు దండ వేసి రఘునందన్ కళ్లు తుడుచుకుంటున్నాడు. అది చూసి తబిత ఆగలేకపోయింది.

"ఆ పిల్లను చంపి, నేరం నామీద వేశారు. మళ్లీ ఆమెకే దండ వేస్తున్నారా?"

సభకొచ్చినవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. ఆమెను బయటకు నెట్టేయమని రఘునందన్ మనుషులకు సైగ చేశాడు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి పనిమనిషి కొమురమ్మ ముందుకొచ్చింది.

"ఆమెను ముట్టకుండ్రి. విందు నాడు సార్ నా సూదిదారం అడిగి తీస్కున్నడు. తలుపేసుకొని ఆ గౌనే కుడుతుండె. నేను చూసిన."

ఎస్సై రఘునందన్‌ను అక్కడికక్కడే తీసుకెళ్లాడు.

తబిత పేరును బద్నాం చేసిన టీవీలు ఆ తర్వాత ఆ నింద తప్పన్న ఊసే ఎత్తలేదు. స్టూడియో మేనేజర్ మాత్రం మళ్లీ పనిలోకి రమ్మని కబురుపెట్టాడు. ఆమె వెళ్లింది. తనమీద వేసిన నింద అబద్ధమని కుట్టేవాళ్లందరి ముందూ ఆయన నోటితో చెప్పేదాకా గుమ్మంలోనే నిలబడింది. చెప్పాక కూడా ఆమె కోపం తగ్గలేదు.