రూతమ్మే హీరోయిన్

మైలవరంలో టీచరుగా చేస్తున్న కెజియా, రెండో ప్రపంచ యుద్ధం నాటి ప్రేమకథ ఒకటి నవలగా రాసింది. బర్మా యుద్ధానికి వెళ్ళిన సిపాయి దావీదు కోసం, నాట్లు వేసే రూతమ్మ ప్రార్థనతో, మొండితనంతో ఎదురుచూసే కథ అది.

విజయవాడలో పబ్లిషర్ స్టీఫెన్ గారు చదివి మెచ్చుకున్నారు. కానీ ఒక్క మార్పు అడిగారు.

“హీరోయిన్ని మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మను చేసేయండి, ఇంగ్లండు నుంచి వచ్చినావిడ. కూలిపిల్ల ప్రేమకథ ఎవరు చదువుతారండీ?”

కెజియాకు ఒళ్ళు మండింది. ఆమె తాత ఆ యుద్ధానికే వెళ్ళాడు. నాయనమ్మ పొలాల్లో నాట్లు వేస్తూనే ఆయన కోసం ఎదురుచూసింది.

“దొరసానికి ఇచ్చిన మనసే దేవుడు రూతమ్మకీ ఇచ్చాడండీ. నేను మార్చను.”

“అయితే నేను వేయలేనమ్మా.”

“వేయకండి,” అని కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వరండాలో స్త్రీల సమాజానికి మొదటి అధ్యాయం చదివి వినిపించింది. దావీదు రైలెక్కే చోట ఆపితే, పొలం పనులకు వెళ్ళే మార్త పెద్దమ్మ ఊరుకోలేదు.

“ఆపేశావేంటే? ఇంతకీ ఆ పిల్లోడు తిరిగొచ్చాడా, లేదా?”

ఎవరూ ఇళ్ళకు కదల్లేదు. కెజియా గొంతు సవరించుకుని రెండో అధ్యాయం మొదలుపెట్టింది.