మూడో పన్ను

మా ఆయన లెక్కలో లోకంలో ఏ జబ్బైనా పళ్ళతోనే మొదలవుతుంది. తలనొప్పి అన్నవాణ్ణి కూడా నోరు తెరవమంటాడు. ఆయన తప్పేం లేదు, పళ్ళ సెట్లు చేసే వృత్తి అలాంటిది. మా ముందుగదే ఆయన పనిగది. బల్ల మీద ప్లాస్టర్ దవడలు, మైనం ముద్దలు, గులాబీరంగు పొడి డబ్బాలు, అరగదీసే మోటారు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ దవడలను చూసి జడుసుకుంటారు. నాకు మాత్రం ఇంట్లో మనుషుల్లాగే అలవాటైపోయాయి.

నా జబ్బు వేరు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే నా మీదికి తిరగబడ్డాయని కీళ్ళ డాక్టరు చెప్పాడు. కళ్ళలో నీళ్ళు, నోట్లో ఉమ్మి ఊరే గ్రంథుల్ని అవి తినేస్తున్నాయట. అందుకే నాకు ఏడుపొచ్చినా పొడిగానే వస్తుంది. చావింటికి పలకరింపుకు వెళ్తే నన్ను రాతిగుండెది అనుకుని ఉంటారు. పూటపూటకీ కళ్ళలో చుక్కలు, చేతిలో ఎప్పుడూ నీళ్ళ సీసా. నా వేళ్ళు సరిగ్గా వంగవు కాబట్టి చుక్కలు వేసేది ఆయనే. ఈ జబ్బుతో ఏళ్ళ తరబడి కాపురం చేశాను. ఎప్పుడు అలుగుతుందో, ఎప్పుడు ఊరుకుంటుందో నాకు తెలుసు.

ఎడమ చెంప సంగతే ఎవరికీ తెలియదు. ఒక ఉదయం మొహం కడుక్కుంటుంటే పై పెదవి పక్కనుంచి చెవిదాకా కరెంటు షాకు కొట్టింది. అరవడానికి కూడా నోరు రాలేదు. అది మొదలు ఫ్యాను గాలి తగిలినా, చెంచా ఆనినా, గట్టిగా మాట్లాడినా అదే పోటు. నరాల డాక్టరు స్కాన్ తీయించి, "నరం మీద ఒత్తిడేం లేదమ్మా, అంతా బాగుంది" అన్నాడు. బాగుందట! పాత జబ్బు వల్లేమో కీళ్ళాయన్ని అడగమన్నాడు. కీళ్ళాయన "అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు" అని మళ్ళీ నరాలాయన దగ్గరికే పంపాడు. ఇద్దరూ మంచివాళ్ళే. బంతాట ఆడే పిల్లలూ మంచివాళ్ళే, బంతిని ఎవరడుగుతారు? మాత్రలు మార్చారు. గోడలు పట్టుకుని తూలుతూ నడిచాను గానీ నొప్పి తన పని తాను చేసుకుపోయింది.

"వాళ్ళకేం తెలుసు? నోట్లో తడి లేకపోతే ముందు పోయేవి పళ్ళే. ఇది పంటిపోటు" అని తేల్చేశాడు మా ఆయన. తను సెట్లు చేసిచ్చే పళ్ళ డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు ఎక్స్‌రే చూసి నసిగాడు. లోపల పగులుండొచ్చని ఈయన పట్టుబట్టాడు. పాత స్నేహం, కాదనలేకపోయాడు. పన్ను ఊడొచ్చింది. విచిత్రం, నొప్పీ పోయింది. కొన్ని వారాలు మళ్ళీ మనిషినయ్యాను. ఫ్యాను కింద కూర్చున్నాను, మా అక్కతో ఫోన్లో పోట్లాడాను కూడా. ఈయన దారిన పోయేవాణ్ణల్లా ఆపి చెప్పుకున్నాడు. తర్వాత నొప్పి తిరిగొచ్చింది. పక్క పన్నయ్యుంటుందన్నాడు. అదీ తీయించుకున్నాను. ఈసారి ఒక్క రోజు కూడా తెరిపి లేదు.

ఆ ఖాళీకి ఆయన రెండు పళ్ళ ప్లేటు చేశాడు. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి రంగు సరిచూశాడు. నా పళ్ళలో ఉన్న పసుపు చార కూడా వాటిలోకి తెచ్చాడు. ఊళ్ళో సగంమంది నవ్వు ఆయన చేతి చలవే. నా నోట్లో మాత్రం ఆ ప్లేటు నిలవలేదు. తీగలు బిగిస్తే తడిలేని చిగుళ్ళు ఒరుసుకుపోయాయి, వదులు చేస్తే ఊడిపడింది. ఇప్పుడది ఆయన బల్ల మీద గ్లాసు నీళ్ళలో ఉంది. దాని ఊసు ఇద్దరం ఎత్తం.

ఈ ఉదయం చల్లారిన పాలు తాగబోతే గ్లాసు అంచు పెదవికి తగిలింది. పాలన్నీ ఒళ్ళోనే. నేరుగా పనిగదిలోకి వెళ్ళాను.

"ఆ ఖాళీ పక్కనున్న మూడో పన్ను కూడా తీయించెయ్యండి" అన్నాను, కుడివైపు మూతితోనే.

మోటారు ఆపాడు. "కూర్చో" అని దీపం వంచాడు. చెంప తగలకుండా అద్దం లోపలికి పెట్టి, సన్నటి కడ్డీతో పై పళ్ళన్నీ ఒక్కొక్కటే తట్టి చూశాడు.

"గట్టిగా ఉందే. బంగారంలాంటి పన్ను."

"ముందు రెండూ బంగారంలాంటివే. పీకించలేదూ?"

నోరు జారాను. ఆయన మొహం చిన్నబోయింది.

"ఇది తీస్తే మళ్ళీ నీకు పెట్టలేను. నా వల్ల కాదు" అన్నాడు. పళ్ళ విషయంలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. "తీస్తే నొప్పి పోతుందని ఒక్కళ్ళని చెప్పమను, ఇప్పుడే తీసుకెళ్తా."

"పోదని ఒక్కళ్ళని చెప్పమనండి, నోరు మూసుకుంటా."

ఫోను తీశాడు. పళ్ళ డాక్టరు నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఫోను తీసుకెళ్ళి ప్లాస్టర్ దవడల మధ్య పెట్టేశాడు. నాకు కోపం రావాలి, రాలేదు. భయమేసింది. ఇన్నాళ్ళూ ఈ నొప్పికి కారణం తెలుసన్న మనిషి ఇంట్లో ఒకడున్నాడు. తప్పో ఒప్పో, ఒకడున్నాడు. ఇప్పుడు ఆ ఒక్కడూ లేడు.

"చుక్కల వేళయింది" అన్నాడు చివరికి.

కుర్చీలో తల వెనక్కి వాల్చాను. కుడికన్ను అయింది. చుక్క చెంప మీదికి జారకుండా ఎప్పట్లాగే దూది పట్టుకుని ఎడమకన్ను మీదికి వంగాడు. సీసా ఇంకా నొక్కనే లేదు. చెంప మీద వెచ్చగా పడింది.

అది ఆయన కన్నీటి చుక్క. పోటు చెవిదాకా పాకింది. కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయాను. అది వదిలేసరికి ఆయన వెళ్ళి గోడకు అంటుకుపోయి ఉన్నాడు.

"చూసుకోలేదే, నేను చూసుకోలేదు" అంటున్నాడు.

"పర్లేదు. ఎడమకన్ను మిగిలిపోయింది, మండుతోంది. రండి."

చొక్కా చేతితో కళ్ళు గట్టిగా తుడుచుకుని ఒక అడుగు వేశాడు. కళ్ళు మళ్ళీ నిండాయి, వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా ఆ నీళ్ళు ఆగడం లేదు. నేను తల వాల్చుకుని చూస్తూనే ఉన్నాను, ఆయన చుక్కల సీసా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.