గుమ్మం బయట పదిహేనోది

ఇలా దగ్గరికి రావే మనవరాలా, ఆ లెక్కల పుస్తకం కాసేపు మూసెయ్. కారణాంకాల సంగతి నాకూ ఒకటి తెలుసు.

మా నాన్న దర్జీ. కుట్టు గదిలో పదిహేను మిషన్లుండేవి. పెద్దన్నయ్యకీ, చిన్నన్నయ్యకీ, నాకూ ఆయన లెక్కలు బొత్తాలతోనే నేర్పాడు. గుప్పెడు బొత్తాలు బల్ల మీద పోసి, "సమానంగా వరుసలు పేర్చండ్రా, ఒక్కటీ మిగలకూడదు" అనేవాడు. పదిహేనైతే మూడు వరుసల్లో ఐదేసి, ఐదు వరుసల్లో మూడేసి కుదిరేవి. రెండు వరుసలు పేర్చబోతే ఒకటి మిగిలి వెక్కిరించేది. మిగలకుండా కుదిరే ఆ అంకెనే మీ బడిలో కారణాంకం అంటారట. మూడు, ఆరు, తొమ్మిది అని మూడేసి ఎక్కుతూ పోతే తగిలేవి మూడుకి గుణిజాలట. పేర్లు తర్వాత తెలిశాయి గానీ పని నాకు ముందే వచ్చు.

మిషన్లు మీ ముగ్గురివీ అని చెప్పి నాన్న కన్నుమూశాడు. తలా ఐదు. అప్పటికే మీ తాతయ్య లేడు, మీ అమ్మ చంటిపిల్ల. ఆ ఐదు మిషన్లతోనే మా ఇద్దరి బతుకూ గడవాలి.

పంపకాల పొద్దున పిల్లను చంకనేసుకుని వెళ్తే, నేను కూర్చునే మిషను గుమ్మం బయట, తుప్పు సామాన్ల పక్కన ఉంది.

"అదేంటన్నయ్యా, నా మిషను బయట పడేశారు?"

"పాడైపోయిందే. ఇక ఉన్నవి పద్నాలుగు" అన్నాడు పెద్దన్నయ్య. "పద్నాలుగు మూడుకి పోదు చెల్లీ, రెండుకే పోతుంది. మాకు చెరో ఏడు. ఏదీ మిగలకూడదని నాన్నే కదా నేర్పింది!"

"మిగిలిందల్లా ఆడపడుచే" అని వదిన నవ్వింది.

పిల్లను చిన్నన్నయ్య చేతిలో పెట్టి, గుమ్మం బయటే కూర్చుని, ఓ పాత గుడ్డముక్క సూది కింద పెట్టి తొక్కాను. కుట్టు చీమల బారులా పడింది.

"చూడు, ఎంత చక్కగా నడుస్తోందో. లోపల పెట్టించు."

"నువ్వు తొక్కితే బండరాయి కూడా నడుస్తుంది. అది మిషను గొప్పా?"

"పోనీ పద్నాలుగే అనుకో. తలా నాలుగు తీసుకుందాం. మిగతా రెండూ మీరే ఉంచుకోండి."

"మిగలకూడదన్నాడుగా నాన్న" అన్నాడు పెద్దన్నయ్య, గోడకేసి చూస్తూ.

"చిన్నన్నయ్యా, నువ్వైనా చెప్పు. నీకూ లెక్కలు రావా?"

చిన్నన్నయ్య పిల్లను నా చేతికి తిరిగిచ్చేశాడు. "ఏడు బాగానే ఉంది కదే" అన్నాడు.

ఆ బయటి మిషనైనా ఇమ్మన్నాను. ఇవ్వలేదు. ఇస్తే అది పనిచేస్తుందని ఒప్పుకున్నట్టే కదా! సాయంత్రానికి పాత ఇనుము బండివాడు ఎత్తుకెళ్లాడు. ఆ తర్వాత ఎవరెవరి దుకాణాల్లోనో బొత్తాలు కుట్టి మీ అమ్మను పెంచాను.

ఇది గుర్తుపెట్టుకోవే తల్లీ. రేపు నీ పిల్లలకు కారణాంకాలు నేర్పేటప్పుడు ఇదీ చెప్పు. లెక్క కుదరలేదని ఎవరైనా అంటే, ముందు గుమ్మం బయటకెళ్లి చూసి రమ్మను.